చిన్న లాప్‌టాప్‌లో సి, డి డ్రైవ్‌లు కలపాలి – ఎక్స్‌టెండ్ వాల్యూమ్ ఆప్షన్ పనిచేయడం లేదు

చిన్న_స్క్రీన్

అందరికీ నమస్కారం. లాప్‌టాప్ 11.6 అంగుళాలది, ర్యామ్ 4 జీబీ, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. షాపులో ఓఎస్ వేసినప్పుడు సి కి 100 జీబీ ఇచ్చి, మిగతాదంతా డి కి ఇచ్చారు. సి లో ఇప్పుడు 6 జీబీ మిగిలింది. డి లో 140 జీబీ డేటా ఉంది, మిగతాదంతా ఖాళీయే. రెండూ కలిపేసి ఒక్క సి డ్రైవ్ ఉంచుకోవాలి.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎడమ నుంచి కుడికి వరస ఇది:
260 ఎంబీ ఈఎఫ్ఐ | సి 97.66 జీబీ | రికవరీ 529 ఎంబీ | డి 367 జీబీ

డి ని 100 జీబీ ష్రింక్ చేస్తే చివర నల్ల పట్టీతో అన్‌అలొకేటెడ్ వచ్చింది. సి మీద రైట్ క్లిక్ చేస్తే మాత్రం ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులోనే ఉంది. ఖాళీ జాగా కళ్ల ముందే ఉంటే ఎందుకు తీసుకోదు?

ఎర్ర_స్క్రూడ్రైవర్

విండోస్‌లో ఒక పార్టిషన్ పెరగాలంటే ఖాళీ జాగా దాని కుడి గోడకు ఆనుకుని ఉండాలి. డిస్క్‌లో ఎక్కడో ఉంటే పనికిరాదు. మీరు డి ని ష్రింక్ చేస్తే జాగా డి కి కుడివైపు, అంటే డిస్క్ చివర్లో పడింది. సి కీ దానికీ మధ్య రికవరీ, డి రెండూ అడ్డం. ష్రింక్ ఎన్నిసార్లు చేసినా చివరి నుంచే కోస్తుంది, ఎడమ వైపు నుంచి కోయదు.

ఇంకో సంగతి. విండోస్‌లో "మర్జ్" అనే పనే లేదు. డి ని డిలీట్ చేసి ఆ జాగాలోకి సి ని పెంచడమే. కాబట్టి డి లో ఉన్నదంతా ముందు బయటికి వెళ్లాలి. మీ లాప్‌టాప్‌లో డి పోయినా రికవరీ ఇంకా మధ్యలోనే ఉంటుంది. చాలామంది డి డిలీట్ చేశాక కూడా ఎక్స్‌టెండ్ రాక బెంబేలెత్తేది ఇక్కడే.

చివర వచ్చిన 100 జీబీని ప్రస్తుతానికి తిరిగి డి లోకే ఎక్స్‌టెండ్ చేసేయండి. అది డి కి ఆనుకునే ఉంది కాబట్టి వెంటనే కలిసిపోతుంది.

బిట్లూ_బైట్లూ

డిలీట్ కొట్టే ముందు చూసుకోవాల్సినవి చెబుతా. ఇవి తప్పితే తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

మొదట డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో వేసి రీఅలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్స్ వరసలు చూడండి. పెండింగ్ సున్నా కాకుండా ఉంటే పార్టిషన్ల జోలికే వెళ్లొద్దు, డేటా తీసుకుని డిస్క్ మార్చండి. జీబీల కొద్దీ డేటా జరిపేటప్పుడు చదవలేని ఒక్క సెక్టార్ తగిలినా పని సగంలో ఆగిపోతుంది.

తర్వాత ఎన్‌క్రిప్షన్. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందా చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి. విండోస్ లోపలే పెంచితే ఇబ్బంది రాదు. బయటి నుంచి జీపార్టెడ్‌తో (పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి వాడే పార్టిషన్ టూల్) చేయాలనుకుంటే మాత్రం ముందు ఎన్‌క్రిప్షన్ పూర్తిగా ఆఫ్ చేసి, డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగాలి. సస్పెండ్ చేస్తే చాలదు.

మూడోది డి లో నిజంగా ఏముంది అన్నది. ఫొటోలు, సినిమాలే అయితే కాపీ చేస్తే అయిపోతుంది. అక్కడ ప్రోగ్రాములు ఇన్‌స్టాల్ అయి ఉంటే వేరే లెక్క. డి డ్రైవ్ పేరు పోగానే వాటి షార్ట్‌కట్లు, రిజిస్ట్రీలోని దారులు అన్నీ తెగిపోతాయి. వాటిని అన్‌ఇన్‌స్టాల్ చేసి, కలిపాక సి లో మళ్లీ వేసుకోవాలి. ట్యాలీ వాడితే డేటా దారి డి లో ఉందేమో చూడండి, చాలా షాపుల్లో అలాగే పెడతారు. పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడుకునే ఫైలు) డి లో ఉంటే డిలీట్ వాల్యూమ్ కూడా బూడిద రంగులోనే ఉంటుంది. సిస్టమ్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, పర్ఫార్మెన్స్, వర్చువల్ మెమరీ దారిలో వెళ్లి దాన్ని సి కి మార్చి రీస్టార్ట్ చేయాలి.

తెనాలి_టెక్

బ్యాకప్ మీద ఒక ముక్క. కొత్త పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32లో వస్తాయి. అందులో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు కూడా ఎక్కదు. ముందే ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్ఎస్ గానీ ఫార్మాట్ చేసుకోండి.

140 జీబీని మౌస్‌తో లాగి వదలడం కన్నా రోబోకాపీ (విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్) మేలు. చదవలేని ఫైలు వస్తే మొత్తం ఆపకుండా దాటిపోతుంది. అయితే తిరిగి ప్రయత్నించే సంఖ్య మామూలుగా పది లక్షలు, మధ్యలో 30 సెకన్ల విరామం ఉంటుంది. దాన్ని ఒకటికి తగ్గించకపోతే పాడైన ఒక్క ఫైలు దగ్గరే రోజంతా కూర్చుంటుంది.

డ్రైవ్ మొత్తాన్ని మొదలు నుంచి కాపీ చేస్తే అవతలి ఫోల్డర్‌కు హిడెన్, సిస్టమ్ గుర్తులు అంటుకుంటాయి. కాపీ అయింది గానీ ఫోల్డర్ కనిపించదు. కంగారు పడొద్దు, ఎట్రిబ్ కమాండ్‌తో ఆ రెండు గుర్తులూ తీసేస్తే కనిపిస్తుంది. చివర్లో రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, బైట్లు సరిపోయాయో లేదో చూసి, నాలుగైదు పెద్ద ఫైళ్లు తెరిచి చూడండి.

కమాండ్_ప్రాంప్ట్

బ్యాకప్ అయిపోయిందనుకుని వరస చెబుతున్నా. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి.

1. రీఏజెంట్‌సీ కమాండ్‌కు ఇన్ఫో స్విచ్ ఇవ్వండి. విండోస్ ఆర్‌ఈ (విండోస్ పాడైతే బాగుచేసే రికవరీ వ్యవస్థ, విన్‌ఆర్‌ఈ అన్నా ఇదే) ఎనేబుల్డ్ అని, దాని స్థానం హార్డ్‌డిస్క్0, పార్టిషన్4 అని చూపిస్తుంది. ఆ 4 గుర్తుంచుకోండి.

2. అదే కమాండ్‌కు డిసేబుల్ స్విచ్. ఇప్పుడు రికవరీ ఇమేజ్ ఫైలు, అంటే విన్‌ఆర్‌ఈ.విమ్, సి లోని విండోస్, సిస్టమ్32, రికవరీ ఫోల్డర్‌కు వచ్చేస్తుంది. వచ్చిందో లేదో చూడకుండా ముందుకెళ్లొద్దు. అది హిడెన్ ఫైలు, మామూలుగా కనిపించదు, డిర్ కమాండ్‌కు ఎ స్విచ్ ఇచ్చి చూడాలి. కొన్ని వందల ఎంబీ ఉంటుంది. మీ సి లో 6 జీబీ ఉంది కాబట్టి సరిపోతుంది.

3. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డి మీద రైట్ క్లిక్, డిలీట్ వాల్యూమ్.

4. రికవరీ మీద రైట్ క్లిక్ చేస్తే హెల్ప్ తప్ప ఏమీ రాదు, డిలీట్ ఉండదు. అందుకే కమాండ్ ప్రాంప్ట్‌లో నడిచే పార్టిషన్ టూల్ డిస్క్‌పార్ట్ కావాలి. అందులో లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ 0, లిస్ట్ పార్టిషన్. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. డిస్క్ మేనేజ్‌మెంట్ చూపించని 16 ఎంబీ రిజర్వ్‌డ్ పార్టిషన్ ఒకటి డిస్క్‌పార్ట్‌లో కనిపిస్తుంది. కాబట్టి ఈఎఫ్ఐ 1, రిజర్వ్‌డ్ 2, సి 3, రికవరీ 4. డిస్క్ మేనేజ్‌మెంట్ బొమ్మలో "మూడోది రికవరీ" అని లెక్కపెట్టి ఇక్కడ 3 ఎంచుకుంటే చేయి పడేది సి మీద. సైజు 529 ఎంబీ ఉన్నదాన్నే ఎంచుకోండి. తర్వాత డిలీట్ పార్టిషన్ ఓవర్‌రైడ్. ఓవర్‌రైడ్ అనకపోతే ఇది రక్షిత పార్టిషన్ అని ఒప్పుకోదు.

5. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎఫ్5 కొట్టండి. సి పక్కన ఒకే నల్ల పట్టీ, సుమారు 367.8 జీబీ. సి మీద రైట్ క్లిక్, ఎక్స్‌టెండ్ వాల్యూమ్. విజార్డ్ మొత్తం జాగాను ఎంబీల్లో నింపి ఇస్తుంది. ఆ అంకెలోంచి 1024 తీసేసి నెక్స్ట్ కొట్టండి. ఎందుకన్నది 7లో ఉంది.

6. ఇది సెకన్లలో అయిపోతుంది, డేటా ఏదీ కదలదు.

7. మిగిల్చిన 1 జీబీలో కొత్త రికవరీ పార్టిషన్. ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్ చేసి, డ్రైవ్ అక్షరం ఇవ్వకుండా, డిస్క్‌పార్ట్‌లో రికవరీ రకం ఐడీ, జీపీటీ గుర్తులు పెట్టాలి. ఆ ఐడీ పొడుగాటి అంకెల వరస. మైక్రోసాఫ్ట్ పేజీ నుంచి కాపీ చేసి అతికించండి, చేత్తో కొట్టొద్దు. చివరగా రీఏజెంట్‌సీ ఎనేబుల్, మళ్లీ ఇన్ఫోతో స్థానం సరిచూసుకోండి.

ఎర్ర_స్క్రూడ్రైవర్

7 అందరికీ అవసరం లేదు. కొత్త పార్టిషన్ లేకుండా రీఏజెంట్‌సీ ఎనేబుల్ ఇచ్చినా విన్‌ఆర్‌ఈ సి లోనే కూర్చుని పనిచేస్తుంది. సి కి బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉంటే మాత్రం అలా ఒప్పుకోదు, వేరే పార్టిషన్ ఉండి తీరాలి.

చేసేవాళ్లు 1 జీబీ వదలడమే మంచిది. 2024 జనవరిలో వచ్చిన కేబీ5034441 అప్‌డేట్ చాలా లాప్‌టాప్‌లలో 80070643తో ముగిసే ఎర్రర్ ఇచ్చింది కదా. కారణం ఇదే: రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడం. మీ 529 ఎంబీది కూడా ఆ కోవలోదే అయి ఉండొచ్చు.

అమీర్‌పేట_బెంచ్

ఇంత తతంగం ఎందుకు? డిస్క్‌ను డైనమిక్‌కు మారిస్తే పక్కపక్కన లేని జాగాలు కూడా కలిసిపోతాయి కదా. రైట్ క్లిక్, కన్వర్ట్ టు డైనమిక్, అంతే.

బిట్లూ_బైట్లూ

అది మాత్రం చేయకండి. డేటా వాల్యూమ్‌ల సంగతి వేరు. ఓఎస్ ఉన్న సి ని డైనమిక్ చేసినా దూరంగా ఉన్న జాగాలోకి పెరగదు, బూట్ వాల్యూమ్‌ను అలా స్పాన్ చేయనివ్వదు. పోనీ వెనక్కి వద్దామంటే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డైనమిక్ నుంచి బేసిక్‌కు రావడానికి డిస్క్ మీద ఉన్న వాల్యూమ్‌లన్నీ డిలీట్ చేయాలి. పైగా డైనమిక్ డిస్క్ మీద జీపార్టెడ్ ఏమీ చేయలేదు. వెళ్లడానికి ఒక్క క్లిక్, తిరిగి రావడానికి ఓఎస్ రీ-ఇన్‌స్టాల్.

డిస్క్ మేనేజ్‌మెంట్ మధ్యలో ఎప్పుడైనా "ఈ పని చేస్తే డిస్క్ డైనమిక్ అవుతుంది" అన్న హెచ్చరిక పెట్టె వస్తే నో కొట్టి, వరసలో ఎక్కడ తేడా వచ్చిందో చూసుకోవాలి.

చిన్న_స్క్రీన్

అర్థమైంది. బయటి హార్డ్ డిస్క్ ఇప్పుడు లేదు, 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉంది. డి లో 140 జీబీ ఉంచుకునే దారి ఏదైనా ఉందా?

లైనక్స్_లంక

ఉంది. డి లో 227 జీబీ ఖాళీ ఉంది కాబట్టే కుదురుతుంది. బ్యాకప్ లేకుండా చేయడం రిస్కే. ఆ పెన్‌డ్రైవ్‌లో పోతే తిరిగి రానివి, అంటే డాక్యుమెంట్లు, ఫొటోలు ముందు వేసుకోండి.

ఆలోచన ఇది: డి ని చిన్నది చేసి డిస్క్ చివరకు జరపాలి, మధ్యలో వచ్చిన జాగా సి కి ఇవ్వాలి, డి లోని ఫైళ్లు సి లోకి తేవాలి, అప్పుడు ఖాళీ డి ని డిలీట్ చేసి ఆ ముక్క కూడా సి లో కలపాలి.

పైన చెప్పినట్టే రీఏజెంట్‌సీ డిసేబుల్ చేసి రికవరీ పార్టిషన్ తీసేయండి. డి కి చెక్‌డిస్క్, ఎఫ్ స్విచ్‌తో. తర్వాత పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేట్ ఆఫ్ చేయండి, దాంతో ఫాస్ట్ స్టార్టప్ కూడా పోతుంది. ఇది ముఖ్యం. ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ అన్నా విండోస్ పూర్తిగా దిగదు, ఎన్‌టీఎఫ్ఎస్ వాడుకలోనే ఉన్నట్టు గుర్తు ఉండిపోతుంది. జీపార్టెడ్ అలాంటి పార్టిషన్ పక్కన పసుపు త్రికోణం పెట్టి ముట్టుకోనివ్వదు.

జీపార్టెడ్ లైవ్‌ను వేరే చిన్న పెన్‌డ్రైవ్‌లో రూఫస్‌తో వేసి బూట్ చేయండి. డి మీద రీసైజ్/మూవ్. ముందు కుడి అంచు లోపలికి లాగి 160 జీబీ చేసి అప్లై చేయండి. అది అయ్యాకే, రెండో పనిగా మొత్తం డి ని కుడి చివరకు జరపండి. ఈ క్రమం ఎందుకంటే, జరిపేటప్పుడు జీపార్టెడ్ పార్టిషన్‌లోని ప్రతి బ్లాక్‌నూ కాపీ చేస్తుంది, ఖాళీ బ్లాక్‌లను కూడా. 367 జీబీ జరపడం కన్నా 160 జరపడం నయం. 5400 ఆర్‌పీఎం డిస్క్‌లో చదవడం, రాయడం రెండూ ఒకే సూది మీద కాబట్టి సెకనుకు 30 ఎంబీ చొప్పున లెక్కేసుకోండి, 160 జీబీకి గంటన్నర. డిస్క్ పాతదైతే మూడు గంటలు.

ఈ గంటన్నరలో కరెంటు పోకూడదు. బ్యాటరీ పది నిమిషాలు కూడా నిలవని లాప్‌టాప్ అయితే ఇన్వర్టర్ ఉన్న ప్లగ్‌లోనే పెట్టండి. మూవ్ సగంలో ఆగితే పార్టిషన్ మొదలు పాత చోటా కాదు, కొత్త చోటా కాదు. దాన్ని బాగుచేయడం చేతకాని పని.

చివర్లో సి ని పెంచడం విండోస్‌లోకి వచ్చి చేసుకోండి. జీపార్టెడ్ తర్వాత మొదటి బూట్‌లో చెక్‌డిస్క్ దానంతట అదే నడుస్తుంది, ఆపొద్దు. సి సుమారు 305 జీబీ అవుతుంది, 140 హాయిగా పడుతుంది.

ఇంకోటి, మీది 1366×768 కాబట్టి సరే. 1024×600 తెర ఉన్న నెట్‌బుక్‌లలో రీసైజ్ పెట్టె కింది బటన్లు తెర బయటికి పోతాయి. ఆల్ట్ నొక్కి పట్టుకుని విండోను మౌస్‌తో పైకి లాగితే కనిపిస్తాయి.

కృష్ణా_కెనాల్

నెట్‌బుక్ అన్నారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నా. 10.1 అంగుళాలు, విండోస్ 7, 320 జీబీ. సి పక్కన డి, దాని పక్కన ఈ (E). డి ని డిలీట్ చేశా, మధ్యలో రికవరీ లేదు. అయినా సి కి ఎక్స్‌టెండ్ రావడం లేదు.

ఎర్ర_స్క్రూడ్రైవర్

డి ఉన్న చోట పైన పట్టీ ఏ రంగులో ఉంది? నలుపా, లేత ఆకుపచ్చా?

కృష్ణా_కెనాల్

లేత ఆకుపచ్చ. చుట్టూ ముదురు ఆకుపచ్చ గీత, అది ఈ ని కూడా కలుపుకుని ఉంది. లోపల ఫ్రీ స్పేస్ అని రాసి ఉంది.

ఎర్ర_స్క్రూడ్రైవర్

విషయం అదే. మీ డిస్క్ ఎంబీఆర్, అంటే పాత రకం పార్టిషన్ పట్టిక ఉన్నది. అందులో ప్రైమరీలు నాలుగే కుదురుతాయి. అంతకు మించి కావాలంటే ఒకటి ఎక్స్‌టెండెడ్ చేసి దాని లోపల లాజికల్ డ్రైవ్‌లు పెడతారు. ముదురు ఆకుపచ్చ గీత ఆ ఎక్స్‌టెండెడ్ ప్రహరీ. మీరు లోపలి ఇల్లు కూల్చారు గానీ ప్రహరీ అలాగే ఉంది. సి ప్రైమరీ కాబట్టి ప్రహరీ లోపలి ఫ్రీ స్పేస్ దానికి చెల్లదు, నల్ల అన్‌అలొకేటెడే కావాలి.

ఈ కూడా అక్కర్లేకపోతే దాన్ని కూడా డిలీట్ చేసి, మిగిలిన ఆకుపచ్చ మీద ఇంకోసారి రైట్ క్లిక్ చేసి డిలీట్ పార్టిషన్ కొట్టాలి. అప్పుడు నలుపు అవుతుంది. ఈ ని ఉంచుకోవాలంటే విండోస్ వల్ల కాదు. జీపార్టెడ్‌లో ఎక్స్‌టెండెడ్ మీదే రీసైజ్ తీసుకుని దాని ఎడమ అంచును ఈ మొదలు దాకా జరపండి. ఈ తన చోటు నుంచి కదలదు కాబట్టి గంటలు పట్టదు, క్షణాల్లో అవుతుంది.

తెనాలి_టెక్

ఇది చదివి 32 జీబీ ఈఎంఎంసీ (బోర్డు మీదే అతికించిన స్టోరేజ్) లాప్‌టాప్‌లలో రికవరీ డిలీట్ చేసేవాళ్లు ఉంటారు. ఆగండి. 2014, 2015 నాటి విండోస్ 8.1 చిన్న లాప్‌టాప్‌లు కొన్ని విమ్‌బూట్ పద్ధతిలో వచ్చాయి. వాటిలో విండోస్ ఫైళ్లు అసలు ఉండేది రికవరీ వైపు ఉన్న విమ్ ఫైలులో. సి లో ఉన్నవి వాటిని చూపించే ఆనవాళ్లే. అక్కడ ఆ పార్టిషన్ తీస్తే విండోసే పోతుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి పెట్టెలో బూట్, పేజ్ ఫైల్ అని రాసిన వరసలో విమ్ బూట్ అని కూడా ఉంటే అది ఆ రకం. విండోస్ 10 కొత్తగా వేసినవాటికి ఈ భయం లేదు.

కమాండ్_ప్రాంప్ట్

అసలు కలపడం అవసరమా అన్నది కూడా ఒకసారి చూడండి. సి లో విండోస్.ఓల్డ్ ఫోల్డర్ ఉందా? డిస్క్ క్లీనప్‌లో క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్ కొడితే ఒక్కోసారి 15, 20 జీబీ తిరిగొస్తుంది. డౌన్‌లోడ్స్, వీడియోస్ ఫోల్డర్ల ప్రాపర్టీస్‌లో లొకేషన్ ట్యాబ్ ఉంటుంది, అక్కడ మూవ్ కొట్టి డి కి మార్చుకోవచ్చు. ముందు డి లో డౌన్‌లోడ్స్ అని ఫోల్డర్ చేసి దాన్నే ఎంచుకోండి. ఒట్టి డి డ్రైవ్‌నే ఇస్తే డి మొత్తం డౌన్‌లోడ్స్ ఫోల్డర్ అయి కూర్చుంటుంది, వెనక్కి మార్చడం తలనొప్పి.

లైనక్స్_లంక

సరే గానీ ఓఎస్ పాడైతే సి ఒక్కటీ ఫార్మాట్ చేసుకోవచ్చన్న ధీమాతో డి ని బ్యాకప్ అనుకునేవాళ్లే ఎక్కువ. రెండూ ఒకే డిస్క్ మీద ఉన్నవి. డిస్క్ పోతే రెండూ పోతాయి. 500 జీబీకి ఒక్క సి ఉండటమే నాకు సబబు అనిపిస్తుంది. కలిపాక సి ని ఒకసారి డీఫ్రాగ్ చేయండి, 6 జీబీ ఖాళీలో ఇరుక్కుని రాసిన ఫైళ్లన్నీ ముక్కలు ముక్కలుగా ఉంటాయి. కలిపినంత మాత్రాన వేగం మాత్రం పెరగదు.

అమీర్‌పేట_బెంచ్

డైనమిక్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఇంకో ప్రశ్న. ఎవరైనా కాపీ చేయకుండానే డి డిలీట్ చేసి సి ని పెంచేస్తే?

బిట్లూ_బైట్లూ

వెంటనే షట్‌డౌన్. డిలీట్ వాల్యూమ్ చెరిపేది పార్టిషన్ పట్టికలోని వరసను మాత్రమే, డి డేటా అక్కడే ఉంటుంది. సి పెరిగినా ఆ జాగా మీద కొత్త ఫైళ్లు పడేదాకా చాలావరకు చెక్కుచెదరదు. కానీ ఆ విండోస్ నడుస్తున్నంత సేపూ పేజ్ ఫైల్, అప్‌డేట్లు, బ్రౌజర్ కాష్ అన్నీ అక్కడ రాయొచ్చు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే సి లో డౌన్‌లోడ్ చేయడం అన్నిటికన్నా చెడ్డ పని.

సి ని ఇంకా పెంచకపోతే, లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి టెస్ట్‌డిస్క్‌లో (పోయిన పార్టిషన్లను వెతికే టూల్) అనలైజ్, క్విక్ సెర్చ్. పాత డి వరస దొరికితే పి నొక్కి ఫైళ్ల పేర్లు సరిగ్గా కనిపిస్తున్నాయో చూసి, అప్పుడే రైట్ (Write, పట్టికను డిస్క్ మీద రాయడం). సి ని పెంచేశాక అయితే రైట్ కొట్టొద్దు, పాత డి ఇప్పటి సి మీద పడుతుంది. డీపర్ సెర్చ్‌తో వెతికి, పి తో తెరిచి, ఫైళ్లను బయటి డిస్క్‌కు కాపీ మాత్రమే చేసుకోవాలి.

చిన్న_స్క్రీన్

విండోస్.ఓల్డ్ లేదు. పెండింగ్ సెక్టార్లు సున్నా, ఎన్‌క్రిప్షన్ ఆఫ్. లంక గారు చెప్పిన దారిలోనే వెళ్తాను. ఒక్క సందేహం: డి ని 160 కాకుండా 145 కి తగ్గిస్తే జరపడం ఇంకా త్వరగా అవుతుంది కదా?

లైనక్స్_లంక

ఐదు నిమిషాలో, పదో మిగులుతాయి, అంతే. డేటాకు మరీ బిగుతుగా కోస్తే చివర ఉన్న ఫైళ్లన్నిటినీ ముందుకు సర్దడానికి ష్రింక్ దశే ఎక్కువసేపు పడుతుంది. 160 ఉంచండి.